ఇది ఉంటే అది ఉన్నట్టేనా? ఎనిమిదో తరగతి పాప అడిగిన లెక్క

ఈ వారం ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే మాట పంపారు: "అన్నా, వింటుంటే అర్థమైనట్టే ఉంది, బస్సు దిగేసరికి ఎగిరిపోయింది." నిజమే. లెక్కల్ని చెవితో పట్టుకోవడం కష్టం, కళ్ళ ముందు ఉండాలి. అందుకే ఆ ముక్కని ఇక్కడ తీరుబడిగా రాసి పెడుతున్నా. డ్యూటీ అయ్యాక ఒక పెన్ను, పాత బిల్లు వెనక కాగితం దగ్గర పెట్టుకుని చదవండి. కూడికలు, తీసివేతలు వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు.

ఇదంతా ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలైంది. దమ్మామ్‌లో ప్లంబింగ్ పని చేసే ఒక అన్న పంపాడు. ఊరు జగిత్యాల దగ్గర. ఆయన మాటల్లోనే:

"అన్నా, మా బిడ్డ ఎనిమిదో తరగతి. నిన్న వీడియో కాల్‌ల అడిగింది. నాన్నా, కూడికకి స్థిత్యంతర ధర్మం ఉంది, సహచర ధర్మం ఉంది. తీసివేతకి రెండూ లేవు. అంటే ఒకటుంటే రెండోది ఉన్నట్టేనా, రెండు పేర్లు ఎందుకు మరి, అని. నాకేం చెప్పాల్నో సమజ్ కాలే. నెట్ పోయింది బిడ్డా అని ఫోన్ పెట్టేసిన. మంచిగ అనిపిస్తలేదు. జర చెప్పు అన్నా."

నేను డిగ్రీలో లెక్కలు చదివి, కువైట్ వచ్చి స్టోర్‌లో పైపులు, బోల్టులు లెక్కపెట్టుకుంటున్నవాణ్ణి. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నా. ఆ పాప అడిగింది చిన్న ప్రశ్నేం కాదు. పెద్ద పెద్ద గణిత శాస్త్రవేత్తలు 2024లో పనిగట్టుకుని కూర్చుని, అచ్చం ఇలాంటి ప్రశ్నలే 2 కోట్లకు పైగా వేసుకుని జవాబులు రాబట్టారు. ఆ కథ కూడా చెప్తా. ముందు పాప సంగతి చూద్దాం.

లెక్క అంటే రెండు ఇచ్చి ఒకటి తీసుకోవడం

కూడిక ఏం చేస్తుంది? రెండు అంకెలు ఇస్తే ఒక అంకె తిరిగి ఇస్తుంది. 5, 3 ఇస్తే 8. తీసివేత కూడా అంతే, గుణకారం కూడా అంతే. ఇలా రెండిటిని తీసుకుని ఒకటి ఇచ్చే ఏ పద్ధతినైనా పుస్తకాల్లో పరిక్రియ అంటారు. మనం "లెక్క" అనే అనుకుందాం.

ఇది అంకెలతోనే ఉండాలని రూలేం లేదు. "ఇద్దరిలో ఎవరు పొడుగు" అన్నది కూడా లెక్కే: ఇద్దరిని ఇస్తే ఒకర్ని ఇస్తుంది. "రెండు మాటలు పక్కపక్కన అతికించు" కూడా లెక్కే: "రాజు", "గారు" ఇస్తే "రాజుగారు" వస్తుంది. చిన్నప్పుడు ఆడిన రాయి-కాగితం-కత్తెర ఆట కూడా లెక్కే: రెండు ఇస్తే గెలిచినది తిరిగొస్తుంది.

ఏ లెక్కో చెప్పకుండా మాట్లాడాలంటే ఒక గుర్తు కావాలి. ∗ పెట్టుకుందాం. క ∗ గ అంటే "క, గ ఇస్తే వచ్చేది". క, గ, చ అనేవి ఖాళీ డబ్బాలు, వాటిలో ఏదైనా వేసుకోవచ్చు.

ఇప్పుడు పాప చెప్పిన రెండు ధర్మాలు ఇలా రాయొచ్చు:

స్థిత్యంతర ధర్మం: క ∗ గ = గ ∗ క
(ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లెక్కలోకి రాదు. కొన్ని పుస్తకాల్లో వినిమయం అంటారు.)

సహచర ధర్మం: (క ∗ గ) ∗ చ = క ∗ (గ ∗ చ)
(వరుస మారదు. మొదటి రెండిటిని ముందు కలిపినా, చివరి రెండిటిని ముందు కలిపినా ఒకటే.)

ఒక మాట బాగా గుర్తుంచుకోండి. "ధర్మం ఉంది" అనాలంటే ఆ డబ్బాల్లో ఏం వేసినా రెండు వైపులా ఒకటే రావాలి. ఒక్కచోట తేడా వచ్చినా ధర్మం లేనట్టే. తొంభై తొమ్మిది సార్లు కుదిరి నూరోసారి కుదరకపోతే పాస్ మార్కులు వేయరు ఇక్కడ.

గట్టి షరతు, మెత్తటి షరతు

ఇది మనందరికీ తెలిసిన విషయమే, పేరు మార్చి చెప్తున్నా, అంతే.

ఇంటర్వ్యూ దగ్గర బోర్డు పెట్టారనుకోండి. ఒక బోర్డు మీద "వెల్డింగ్‌లో 2 ఏళ్ళ అనుభవం", ఇంకో బోర్డు మీద "వెల్డింగ్‌లో 5 ఏళ్ళ అనుభవం". రెండో బోర్డుకి సరిపోయిన ప్రతివాడూ మొదటి బోర్డుకి సరిపోతాడు. తిప్పి చెప్తే కుదరదు. కాబట్టి 5 ఏళ్ళ షరతు గట్టిది, 2 ఏళ్ళది మెత్తనిది. గట్టి షరతుకి క్యూ చిన్నది.

మూడో బోర్డు మీద "హిందీ రావాలి" అని ఉంది. వెల్డింగ్ వచ్చి హిందీ రానివాళ్ళున్నారు, హిందీ వచ్చి వెల్డింగ్ రానివాళ్ళున్నారు. ఈ రెండు షరతుల్లో ఏది గట్టిదో చెప్పలేం. దేని దారి దానిదే.

నాలుగో రకం కూడా ఉంది. ఒక బోర్డు "24 నెలల అనుభవం" అంటుంది, ఇంకోటి "2 ఏళ్ళు" అంటుంది. మాటలు వేరు, నిలబడే మనుషులు వాళ్ళే. ఇవి సమానం.

లెక్కల ధర్మాల్ని కూడా ఇలాగే తూస్తారు. ఇక్కడ క్యూలో నిలబడేది మనుషులు కాదు, లెక్కలు. ఒకటో ధర్మం ఉన్న ప్రతి లెక్కకీ రెండో ధర్మం కూడా తప్పకుండా ఉంటే ఒకటోది గట్టిది (లేదా సమానం). పాప ప్రశ్నని ఇప్పుడు ఇలా అడగొచ్చు: స్థిత్యంతరం, సహచరం, ఈ రెండిట్లో ఏది గట్టిది?

పాపకి జవాబు

ఎపిసోడ్‌లో ఈ ముక్క ఇలా నడిచింది (ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి):

— అన్నా, "తప్పకుండా ఉంటుంది" అని రుజువు చేయాలంటే అన్ని లెక్కలూ చూడాలి కదా. ఎప్పటికి అవుతుంది?
— నిజమే. కానీ "ఉండదు" అని చెప్పడానికి ఒక్కటి చాలు తమ్ముడూ. ఒక్క లెక్క పట్టుకొచ్చి, "ఇదిగో, దీనికి అది ఉంది, ఇది లేదు" అని చూపిస్తే అయిపోయింది.

ఆ ఒక్కదాన్ని పుస్తకాల్లో ప్రత్యుదాహరణ అంటారు. పట్టుకొద్దాం.

రాయి-కాగితం-కత్తెర తీసుకోండి. రాయి కత్తెరని ఓడిస్తుంది, కత్తెర కాగితాన్ని, కాగితం రాయిని. రెండూ ఒకటే అయితే అదే వస్తుంది అనుకుందాం. రాయి ∗ కాగితం అన్నా, కాగితం ∗ రాయి అన్నా గెలిచేది కాగితమే. ఎవరి పేరు ముందు చెప్పినా తేడా లేదు. స్థిత్యంతరం ఉంది.

ఇప్పుడు ముగ్గురు ఆడాలి.
(రాయి ∗ కాగితం) ∗ కత్తెర = కాగితం ∗ కత్తెర = కత్తెర
రాయి ∗ (కాగితం ∗ కత్తెర) = రాయి ∗ కత్తెర = రాయి

ఒకసారి కత్తెర గెలిచింది, ఇంకోసారి రాయి గెలిచింది. ఎవరు ముందు తలపడ్డారు అన్నదాన్ని బట్టి కప్పు చేతులు మారింది. సహచరం లేదు. అంటే స్థిత్యంతరం ఉన్నంత మాత్రాన సహచరం రాదు.

మరి అటునుంచి? మాటలు అతికించే లెక్క చూడండి. "రాజు" ∗ "గారు" = "రాజుగారు". "గారు" ∗ "రాజు" = "గారురాజు". తేడా ఉంది, స్థిత్యంతరం లేదు. కానీ "రాజు", "గారి", "ఇల్లు" మూడూ అదే వరుసలో అతికిస్తే, ముందు ఏ రెండు అతికించినా చివరికి "రాజుగారిఇల్లు" అనే వస్తుంది. సహచరం ఉంది.

కాబట్టి జవాబు: రెండిట్లో ఏదీ గట్టిది కాదు. వెల్డింగ్, హిందీ లాంటివి. అందుకే రెండు పేర్లు. పాపకి బడిలో కనిపించిన కూడిక, గుణకారాల్లో రెండూ కలిసే ఉంటాయి, తీసివేత, భాగహారాల్లో రెండూ ఉండవు. అందుకే "ఒకటుంటే రెండోది ఉన్నట్టే" అనిపించింది. ఆ పాప తప్పుగా ఆలోచించలేదు, ఆమె ముందున్న నాలుగు లెక్కలూ అలాంటివి. ఐదోది చూపిస్తే చాలు.

మెస్ లెక్కలో ఇదే తప్పు

సరదాకి కాదు, డబ్బులు పోయే చోటు కూడా ఉంది. సగటు అనేది కూడా లెక్కే: క, గ ఇస్తే రెండూ కూడి సగం చేస్తాం. సగటుకి స్థిత్యంతరం ఉంది: 10, 20ల సగటు ఎటు నుంచి చూసినా 15.

రూమ్‌లో ముగ్గురు, నెల సరుకులకి ఒకడు 10 దినార్లు పెట్టాడు, ఇంకొకడు 20, మూడోవాడు 30. మనిషికి ఎంత పడ్డట్టు? మొత్తం 60, ముగ్గురికి 20. కానీ ఎవరైనా తెలివిగా "ముందు వీళ్ళిద్దరి సగటు తీద్దాం, తర్వాత మూడోవాణ్ణి కలుపుదాం" అన్నారనుకోండి:
10, 20ల సగటు 15. దానికీ 30కీ సగటు 22.5.
వేరేలా: 20, 30ల సగటు 25. దానికీ 10కీ సగటు 17.5.

మూడు జవాబులు వచ్చాయి, సరైనది మొదటిది ఒక్కటే. సగటుకి సహచరం లేదు, కాబట్టి సగటు మీద సగటు తీయకూడదు. ఎవరైనా సైట్‌లో ఓవర్‌టైమ్ గంటలకి "సగటు మీద సగటు" కట్టి చూపిస్తే ఒకసారి ఆపి మొత్తం కూడించి చూడండి.

అన్నిటికంటే గట్టిది, అన్నిటికంటే మెత్తనిది

ధర్మాలు రెండే కాదు, మనం ఎన్నైనా రాసుకోవచ్చు. ∗ గుర్తుని, డబ్బాల్ని వాడి ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి రాస్తే అదొక సర్వసమీకరణం. కొన్ని చూడండి:

క = క. ఇది ప్రతి లెక్కకీ ఉంటుంది, ఏమీ అడగని షరతు. అన్నిటికంటే మెత్తనిది.

క = గ. ఏ రెండు వస్తువులు తీసుకున్నా అవి ఒకటే అంటోంది. అంటే ఆ ప్రపంచంలో ఒకే ఒక్క వస్తువు ఉండాలి. అన్నిటికంటే గట్టిది. దీన్ని ఒప్పుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి, ఎందుకంటే ఒక్కటే ఉన్నచోట తేడా ఎక్కణ్ణుంచి వస్తుంది?

క ∗ గ = క. "రెండోవాణ్ణి పట్టించుకోకు, మొదటివాడి మాటే ఫైనల్." దీనికి సహచరం ఉంది: (క ∗ గ) ∗ చ కూడా క, క ∗ (గ ∗ చ) కూడా క. కాబట్టి ఇది సహచరం కంటే గట్టిది.

క ∗ గ = చ ∗ ట. ఏం ఇచ్చినా ఒకటే జవాబు. పని ఎంత చేసినా అదే జీతం అన్నట్టు. దీనికి స్థిత్యంతరమూ ఉంటుంది, సహచరమూ ఉంటుంది. రెండిటికంటే గట్టిది.

ఇప్పుడు చివరి రెండిటినీ ఒకే లెక్క మీద పెట్టి చూడండి. "మొదటివాడి మాటే ఫైనల్", "అందరికీ ఒకటే జవాబు", రెండూ ఒకేసారి. క అంటే క ∗ గ. అది చ ∗ ట తో సమానం. అదేమో చ. అంటే క = చ. ప్రపంచంలో ఒక్కడే మిగిలాడు. విడివిడిగా మామూలుగా ఉన్న రెండు షరతులు కలిస్తే ఊరు ఖాళీ అయిపోయింది. కాగితం మీద షరతుల్ని ఒక్కొక్కటిగా కాక, కలిపి చదవాలి అనేది ఇందుకే.

సంబంధం లేనట్టు కనిపించేది

ఇప్పటిదాకా చూసినవి చూపుకి తెలిసిపోయేవి. ఇది చూడండి:

క ∗ గ = (గ ∗ గ) ∗ క

ఇందులో స్థిత్యంతరం ఎక్కడైనా కనిపిస్తోందా? నాకూ కనిపించలేదు. కానీ ఈ ధర్మం ఉన్న ప్రతి లెక్కకీ స్థిత్యంతరం తప్పకుండా ఉంటుంది. నాలుగు మెట్లు, నెమ్మదిగా ఎక్కండి. పై ధర్మాన్ని "రూల్" అందాం. గ ∗ గ ని "గ జంట" అందాం.

మెట్టు 1. రూల్‌లో రెండు డబ్బాల్లోనూ గ వేయండి. గ ∗ గ = (గ ∗ గ) ∗ గ. అంటే: గ జంట = గ జంట ∗ గ.

మెట్టు 2. రూల్‌లో మొదటి డబ్బాలో గ జంట, రెండో డబ్బాలో గ వేయండి. గ జంట ∗ గ = (గ ∗ గ) ∗ గ జంట, అంటే గ జంట ∗ గ జంట. మెట్టు 1తో కలిపితే: గ జంట ∗ గ జంట = గ జంట. జంటని దానితోనే కలిపినా మారదు.

మెట్టు 3. రూల్‌లో మొదటి డబ్బాలో ఏదైనా ఒక చ, రెండో డబ్బాలో గ జంట వేయండి. చ ∗ గ జంట = (గ జంట ∗ గ జంట) ∗ చ. మెట్టు 2 వల్ల బ్రాకెట్ లోపలిది గ జంటే. కాబట్టి: చ ∗ గ జంట = గ జంట ∗ చ. జంటలు ఎవరితోనైనా అటూఇటూ మారగలవు.

మెట్టు 4. క ∗ గ = గ జంట ∗ క (రూల్). గ జంట ∗ క కి మళ్ళీ రూల్ వాడితే = క జంట ∗ గ జంట. అలాగే గ ∗ క మొదలుపెడితే గ జంట ∗ క జంట వస్తుంది. మెట్టు 3 వల్ల ఈ రెండూ ఒకటే. కాబట్టి క ∗ గ = గ ∗ క. అయిపోయింది.

తిరుగు దారి ఉందా? లేదు. మామూలు కూడికకి స్థిత్యంతరం ఉంది, కానీ 1 + 1 = 2, (1 + 1) + 1 = 3. రూల్ కుదరలేదు. కాబట్టి ఈ వింత రూల్ స్థిత్యంతరం కంటే గట్టిది, సమానం కాదు.

వేరేలా కనిపించే కవలలు

ఇంకొకటి. 2001లో అమెరికాలో జరిగిన పుట్నం గణిత పోటీలో మొదటి ప్రశ్న ఇది. ఒక లెక్కకి ఎప్పుడూ (క ∗ గ) ∗ క = గ అయితే, క ∗ (గ ∗ క) = గ కూడా అవుతుందని చూపించండి.

జవాబు రెండు లైన్లే. రూల్‌లో పేర్లు మార్చి రాస్తే (గ ∗ క) ∗ గ = క. కాబట్టి క ∗ (గ ∗ క) లో మొదటి క తీసేసి, దాని చోట (గ ∗ క) ∗ గ పెట్టండి: ((గ ∗ క) ∗ గ) ∗ (గ ∗ క). ఇది "(మొదటిది ∗ రెండోది) ∗ మొదటిది" అచ్చులోనే ఉంది, మొదటిది గ ∗ క, రెండోది గ. కాబట్టి రూల్ ప్రకారం జవాబు గ.

ఇదే పద్ధతిలో అటునుంచి ఇటు కూడా రావచ్చు. అంటే ఈ రెండు ధర్మాలు "24 నెలలు", "2 ఏళ్ళు" లాంటివి. సమానం.

మరి ఈ ధర్మం ఉంటే స్థిత్యంతరం ఉన్నట్టేనా? వారాలు వాడి చూద్దాం. ఆదివారం 0, సోమవారం 1, అలా శనివారం 6. మొదటిదాన్ని 3తో, రెండోదాన్ని 5తో గుణించి కూడి, 7తో భాగిస్తే మిగిలేది మన జవాబు. 1 ∗ 2: 3 + 10 = 13, ఏడు తీసేస్తే 6. ఇప్పుడు 6 ∗ 1: 18 + 5 = 23, ఏడులు తీసేస్తే 2. రూల్ చెప్పినట్టే 2 వెనక్కి వచ్చింది. ఏ రోజులతో చేసినా వస్తుంది, చేసి చూడండి. కానీ 1 ∗ 0 = 3, 0 ∗ 1 = 5. స్థిత్యంతరం లేదు. ఒక్క ప్రత్యుదాహరణ, పని అయిపోయింది.

2 కోట్ల 20 లక్షల ప్రశ్నలు

ఇప్పుడు పెద్దవాళ్ళ సంగతి. టెరెన్స్ టావో అని లాస్ ఏంజెల్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్, 2006లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్నాయన. 2024 సెప్టెంబరులో ఆయన ఒక పని మొదలుపెట్టాడు. ∗ గుర్తు నాలుగుసార్లకు మించకుండా రాయగలిగిన ధర్మాలన్నీ, ఒకటే అర్థం వచ్చే నకళ్ళు తీసేసి, వరుసగా నంబర్లు వేస్తే 4,694 వచ్చాయి. స్థిత్యంతరం 43వ నంబరు. మనం మెట్లు ఎక్కిన వింత రూల్ 387. సహచరం 4512.

ఇప్పుడు ప్రతి జతకీ పాప ప్రశ్నే: ఇది ఉంటే అది ఉన్నట్టేనా? 4,694లో ఒక్కోదానికి మిగతా 4,693తో. మొత్తం 2,20,28,942 ప్రశ్నలు.

ఇంత పని ఒక్కరి వల్ల కాదు. ఇంటర్నెట్లో ఎవరైనా చేయి వేయొచ్చు అని తలుపు తెరిచారు. ప్రొఫెసర్లూ వచ్చారు, లెక్కలు వృత్తి కానివాళ్ళూ వచ్చారు. మరి ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపిన రుజువుని నమ్మడం ఎలా? అక్కడే లీన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రుజువులో ప్రతి మెట్టునీ అది చెక్ చేస్తుంది. ఒక్క మెట్టు జారినా ఒప్పుకోదు. పంపినవాడి డిగ్రీ ఏంటి, ఏ దేశం, ఏ కాలేజీ అని అడగదు. మెట్టు సరిగ్గా ఉందా లేదా, అంతే. ఇంటర్వ్యూ బోర్డుల ముందు నిలబడి వచ్చినవాణ్ణి, నాకు ఈ ముక్క చాలా నచ్చింది.

పని తగ్గించే ఉపాయాలు కూడా ఉన్నాయి. ఒకటోది ఉంటే రెండోది, రెండోది ఉంటే మూడోది వస్తుందంటే, ఒకటోది ఉంటే మూడోది వస్తుందని మళ్ళీ రుజువు చేయక్కర్లేదు. "ఉండదు" అన్నవాటికి చిన్న చిన్న పట్టికలు వాడారు. రెండే వస్తువులున్న ప్రపంచంలో 16 రకాల లెక్కలే ఉంటాయి. మూడు వస్తువులైతే 19,683. నాలుగైతే 429 కోట్లు దాటిపోతాయి. చిన్న పట్టికలే చాలా ప్రశ్నల్ని తేల్చేశాయి. ఎలక్ట్రీషియన్ అన్నలకి తెలిసిన లెక్క ఒకటి: రెండు స్విచ్‌లూ ఆన్ అయితేనే లైట్ ఆఫ్, మిగతా అన్నిసార్లూ లైట్ ఆన్. ఆన్, ఆఫ్ రెండే వస్తువులు, అయినా ఈ లెక్కకి స్థిత్యంతరం ఉంది, సహచరం లేదు. మన పాప ప్రశ్నకి రెండు వస్తువుల ప్రపంచంలోనే జవాబు దొరికేస్తుంది.

చివర్లో మిగిలినవి మాత్రం మొండివి. కొన్నిటికి ఎంత పెద్ద పట్టికైనా చాలదు, వస్తువులు అనంతంగా ఉన్న ప్రపంచమే కట్టాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌కి అన్ని ప్రశ్నలకీ లీన్ ముద్ర పడింది. "అవును, ఉన్నట్టే" అన్నవి 81 లక్షలకు పైగా. "కాదు" అన్నవి 1 కోటి 38 లక్షలకు పైగా. ఇంకో వింత: 4,694 ధర్మాల్లో వెయ్యికి పైగా ఒకదానికొకటి సమానం, అన్నీ చివరికి "క = గ" అనే చెప్తాయి. చూడ్డానికి మామూలుగా ఉంటాయి, లోపల మాత్రం ఊరు ఖాళీ చేయించే షరతు.

కంప్యూటర్ ఇలాంటి పనికి రావడం ఇదే మొదలు కాదు. హెర్బర్ట్ రాబిన్స్ 1930లలో ఇలాంటిదే ఒక ప్రశ్న వేశాడు: కొన్ని ధర్మాలు ఒప్పుకుంటే బూలియన్ బీజగణితం మొత్తం వచ్చేసినట్టేనా అని. దశాబ్దాల పాటు ఎవరూ తేల్చలేదు. 1996లో విలియం మెక్యూన్ రాసిన ప్రోగ్రామ్ తేల్చింది: అవును, వచ్చేసినట్టే.

మనకెందుకు ఇదంతా

నా సంగతి ఒకటి చెప్పి ఆపుతా. నేను వచ్చినప్పుడు చేతికిచ్చిన కాగితంలో "రూమ్ కంపెనీదే" అని ఉంది. సంతోషపడిపోయా. రూమ్ వాళ్ళదే అయితే రూమ్ నుంచి సైట్‌కి బస్సు కూడా వాళ్ళదే అయ్యుంటుంది అని నాకు నేనే అనుకున్నా. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆరు నెలలు షేరింగ్ టాక్సీకి జేబులోంచి కట్టా. అడిగితే "కాగితంలో ఎక్కడుందో చూపించు" అన్నారు. లేదు కదా. వాళ్ళు రాసింది మెత్తటి షరతు, నేను చదువుకున్నది గట్టి షరతు.

మన దగ్గర ఇలాంటివి ఎన్ని లేవు? విజిట్ వీసా చేతికొచ్చింది అంటే పని చేసుకోవచ్చు అని కాదు. ఏజెంట్ మన ఊరివాడే అంటే మోసం చేయడు అని కాదు. జీతం పెరిగింది అంటే ఇంటికి పంపేది పెరిగింది అని కాదు. రెండూ చాలాసార్లు కలిసి కనిపిస్తాయి, కూడికలో రెండు ధర్మాల్లాగా. అందుకే ఒకటి చూసి రెండోది ఉందనేసుకుంటాం. సంతకం పెట్టేముందు అడగాల్సింది ఆ పాప అడిగిన మాటే: "ఇది ఉంటే అది ఉన్నట్టేనా?" ఉండదనడానికి ఒక్క మనిషి కథ తెలిసినా, దాన్ని కాగితం మీద వేరే లైన్‌గా రాయించుకోవాలి.

దమ్మామ్ అన్నకి ఈ జవాబు ముందే ఫోన్‌లో చెప్పా. శుక్రవారం సెలవు రోజు బిడ్డతో రాయి-కాగితం-కత్తెర ఆడాడట వీడియో కాల్‌లో. ముగ్గురు కావాలి కదా, వాళ్ళమ్మని కూడా కూర్చోబెట్టారట. ఎవరు ముందు తలపడాలి అని తల్లీబిడ్డలు కొట్లాడుకున్నారట. "సహచర ధర్మం లేదు కాబట్టే నాన్నా ఈ లొల్లి" అందట పాప. ఆ మెసేజ్‌లో ఆయన గొంతు మొదటిసారి పంపినదానిలా లేదు. నెట్ పోయింది అని అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు ఈసారి.

ఇంటికి తీసుకెళ్ళే లెక్కలు

ఒకటి. క ∗ గ = గ, అంటే "రెండోవాడి మాటే ఫైనల్". దీనికి సహచరం ఉందా?

రెండు. ఒక లెక్కకి స్థిత్యంతరం ఉంది, పైగా క ∗ క = క కూడా ఉంది. ఈ రెండూ కలిస్తే సహచరం వచ్చేసినట్టేనా? (జవాబు ఈ పేజీలోనే ఎక్కడో ఉంది.)

మూడు. క = గ ∗ చ అనే ధర్మం "క = గ"తో సమానం అని చూపించండి. ఒక్క లైన్ చాలు.

జవాబులు వాయిస్ మెసేజ్‌లో పంపండి. పిల్లలతో కలిసి చేస్తే వాళ్ళ గొంతు కూడా వినిపించండి. వచ్చే వారం ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. అందాకా ఎండలో జాగ్రత్త, నీళ్ళు తాగుతుండండి.